మెనూలో మావారు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. తెనాలిలో ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్పినదాన్ని. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోను. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందట అని ఎవరైనా అంటే, అద్దె తగ్గించుకోవడానికి ఎవరో వేసిన ఎత్తు అయ్యుంటుందని కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మావారు బస్సు కండక్టరు. రేపల్లె రూటులో చాలాకాలం చేశారు. అందువల్ల ఇంట్లో మాట్లాడినా వెనక సీటు దాకా వినపడేలా మాట్లాడేవారు. నాకేం చెవుడు లేదని విసుక్కునేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్న సందడంతా ఆ గొంతే.

ఆయన పోయి రెండేళ్ళు దాటాక ఒకరోజు వంకాయలు తరుగుతూ ఆయన గొంతు గుర్తు చేసుకోబోయాను. రాలేదు. అన్న మాటలన్నీ గుర్తొస్తున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. ఆయన పోయిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు.

ఫోనంతా వెతికాను. ఆయనకు ఫోనంటే చిరాకు కాబట్టి ఫొటోలు తప్ప ఏమీ లేవు. అప్పుడు బీరువాలో ఉన్న మా షష్టిపూర్తి డీవీడీ గుర్తొచ్చింది. బాపట్లలో మా మరిది దగ్గరుండి చేయించిన వేడుక అది. రేపల్లె నుంచి స్టూడియో ఆయన వచ్చి వీడియో తీశాడు. చుట్టాలందరితో కలిసి ఒక్కసారి గోల గోలగా చూసి, డిస్కు దాచేశాం. అందులో ఆయన గొంతు ఉండకపోతుందా అనుకున్నాను.

తీరా చూస్తే మా పాత ప్లేయరు మూత తెరుచుకోవడం మానేసింది. తెనాలిలో టీవీల కొట్లన్నీ తిరిగాను. "డీవీడీనా అమ్మా? ఇప్పుడెవరు వాడుతున్నారండీ" అని ఒకతను నన్ను పాత సామానులా చూశాడు. ఇంకొకతను పెన్‌డ్రైవ్ కొనుక్కోమన్నాడు. నాకు కావలసింది డిస్కు పెడితే ఆడే పెట్టె, అంతే. అది అంత గొంతెమ్మ కోరికా?

మా మరిది తన ప్లేయరు పంపించాడు. దాని రిమోటు మీద లెక్కలేనన్ని బొత్తాలు, వాటి మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. డిస్కు పెడితే తెర మీద చిన్న చిన్న గళ్ళు వచ్చాయి. గణపతి పూజ, అభిషేకం, మాంగల్యధారణ, అక్షింతలు, భోజనాలు. ఒక్కో గడిలో మా మొహాలు కదులుతున్నాయి. ఒక గడి చుట్టూ పసుపు గీత ఉంది. దాన్ని జరపాలి, నొక్కాలి. కుడికి నొక్కితే కిందికి పోయింది. మెనూ అని ఉన్నది నొక్కితే టీవీ మెనూ వచ్చి వెలుగు తగ్గించాలా పెంచాలా అని అడిగింది. ఇంకోటి నొక్కితే డిస్కు బయటికొచ్చింది. ఇంట్లో రిమోటు ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. ఆ పూట రిమోటును సోఫా మీద గిరాటు వేసి ఏడ్చాను.

చివరికి రేపల్లె రైలెక్కి ఆ స్టూడియోకే వెళ్ళాను. అదృష్టం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. అటక మీద నుంచి ఒక చిన్న ప్లేయరు దించి తుడిచి ఇచ్చాడు.

"దీని రిమోటుకు బాణాలు నాలుగు, మధ్యలో గుండ్రటిదొకటి. అంతే పిన్నిగారూ. పసుపు గీత ఎక్కడుందో చూసుకుని మధ్యది నొక్కండి. ఇక్కడ ఊరికే దుమ్ము పడుతోంది, తీసుకెళ్ళండి" అన్నాడు.

ఇంటికొచ్చి పెట్టాను. చెప్పినట్టే ఆడింది. గడి వెనక గడి అన్నీ చూశాను. ఆయన నవ్వుతున్నారు, తాళి కడుతూ నా చెవిలో ఏదో అంటున్నారు, పెదవులు కదులుతున్నాయి. వినపడేది మాత్రం పాట. మొదటినుంచి చివరిదాకా ఒకదాని వెనక ఒకటి పాటలే. స్టూడియోకి ఫోన్ చేశాను.

"అప్పట్లో మాటలు తీసేసి పాటలే వేసేవాళ్ళమండి. మాటలుంటే గోలగా ఉంటదని అందరూ అలాగే అడిగేవాళ్ళు. ఆ టేపుల మీద తరవాత వేరే పెళ్ళిళ్ళు తీసేశాం పిన్నిగారూ" అన్నాడు పాపం, ఏదో తప్పు చేసినట్టు.

ఆ తరవాత వీడియో చూడటం మానేశాను. కానీ మధ్యాహ్నాలు డిస్కు పెట్టి, గళ్ళు కనిపించే ఆ మెనూ దగ్గరే వదిలేసేదాన్ని. చిన్న సన్నాయి ముక్క వస్తుంది, అయిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. గడిలో ఆయన మొహం ఇటు తిరుగుతుంది, మళ్ళీ ఇటే తిరుగుతుంది. ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం చాప మీద పడుకుని ఉన్నాను. నిద్రపోలేదు. కిటికీ తలుపులు తీసే ఉన్నాయి. రిమోటు వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంది, మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు నేనే అక్కడ పెట్టి వచ్చాను. సన్నాయి ఆగింది. తలెత్తి చూస్తే పసుపు గీత భోజనాల గడి మీద ఉంది. అది మొదలైంది.

విస్తళ్ళ వరస. ఆయన నెయ్యి గిన్నె పట్టుకుని వంగి వంగి వడ్డిస్తూ వస్తున్నారు. అది నేను అంతకుముందు చూసినదే. కానీ ఈసారి పాట లేదు. గరిటెల చప్పుడు, జనం మాటలు వినపడుతున్నాయి.

"మొహమాటపడకండి బాబాయ్, ఇంకాస్త వేయించుకోండి." ఆయన గొంతు. నాకు గుర్తు రాని ఆ గొంతే.

తరవాత తలెత్తి కెమెరా వైపు చూశారు. "పద్మా, నువ్వు తిన్నావా?"

"తిన్నానండి" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన తల ఊపి పక్క విస్తరి దగ్గరికి వెళ్ళారు. పాట మధ్యలోంచి మొదలైంది.

కల అనుకుందామనే చూశాను. మర్నాడు పొద్దున గోడ అవతల బట్టలు ఆరేస్తూ పక్కింటావిడ పలకరించింది. "ఏంటి వదినా, నిన్న మధ్యాహ్నం సీడీ పెట్టావా? అన్నయ్యగారి గొంతు వినపడింది. తిన్నావా అని నిన్నే అడుగుతున్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినాయి" అంది. నేనప్పటికి ఎవరికీ చెప్పలేదు.

డిస్కు, ప్లేయరు రెండూ పట్టుకుని మళ్ళీ రేపల్లె వెళ్ళాను. స్టూడియో ఆయన నా ఎదుటే కంప్యూటర్లో వేసి చూశాడు, ప్లేయర్లోనూ చూశాడు. కొన్ని డిస్కులు మెనూలో చాలాసేపు వదిలేస్తే వాటంతటవే ఆడతాయట. అంతవరకూ సరే, ఒప్పుకున్నాను. మాటల సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఇందులో పాట తప్ప ఇంకేం లేదండి. ఉంటే నేను మీకు తీసివ్వనా?" అన్నాడు.

ఆ తరవాత ఎన్ని మధ్యాహ్నాలు మెనూ వదిలి కూర్చున్నానో. పసుపు గీత కదల్లేదు. నేనే వెళ్ళి నొక్కితే పాట వస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే మాట ఎలా విన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను.

ఒక్కటి మాత్రం మనసును తొలుస్తోంది. ఆ రోజు నేను పొయ్యి వెలిగించలేదు. ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాక అలాగే పడుకున్నాను. ఆయన బాధపడతారని తిన్నానని అబద్ధం చెప్పాను. లేదండి అని ఉంటే, ఇంకో మాట మాట్లాడేవారేమో.