మోడాన్ని తిట్టిన పాట

పాటలో తిట్టు ఉండొచ్చా అని నన్ను రెండుసార్లు అడిగారు. మొదటిసారి అడిగినవాళ్లు జీపులో వచ్చారు, రెండోసారి అడిగినవాళ్లు గిటార్లు మోసుకుని వచ్చారు. ఒకసారి వద్దన్నాను, ఒకసారి ఉండాల్సిందే అన్నాను. రెండుసార్లూ తప్పే చెప్పాను. అసలు అడగాల్సింది నన్ను కాదు. పాట మా అక్కది. రెండుసార్లూ ఆమె నా పక్కనే కూర్చుని ఉంది.

నేను దర్జీని. బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడే రాయదుర్గంలో ఒక కొట్లో కాజాలు కుట్టడానికి చేరి, గుడ్డల మూటల మీద అచ్చయిన అక్షరాలు కూడబలుక్కుని, ఆ తర్వాత టీ హోటల్లో పడి ఉన్న పాత వారపత్రికలు చదివి తెలుగు నేర్చుకున్నాను. ఆ ఊర్లోకి జీన్సు ప్యాంట్ల యూనిట్లు వచ్చేసరికి నేను అర్జీలు రాసిపెట్టే స్థాయికి వచ్చాను. ఎవరూ చేయి పట్టి దిద్దించని అక్షరం కదా, దాని మీద నాకు ప్రేమ కంటే గర్వం ఎక్కువ. పక్క మిషను మీద కుట్టేవాడు మాట మధ్యలో బూతు దొర్లిస్తే మొహం చిట్లించేవాణ్ణి. చదువుకున్నవాళ్లకు కూడా అంత చాదస్తం ఉండదు.

మా అక్కకు ఇరవై రెండేళ్లప్పుడు, మా బావ బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి మీద పడింది. ఆ బావిలో నీళ్లు పడలేదు, మనిషి మాత్రం పోయాడు. అక్క మా ఇంటికి వచ్చేసింది. పొద్దున పనిమీద బయల్దేరినవాళ్లు ఆమె ఎదురైతే వెనక్కి తిరిగి, ఇంట్లోకి పోయి, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాళ్లు. పోతూ పోతూ ఒక మాట అనేవాళ్లు. ముండమోపి. మొగుడు పోయిన ఆడదాన్ని అనే మాట అది. అది అనడానికి మావాళ్లకు కోపం కూడా అక్కర్లేదు. దగ్గు వచ్చినట్టు వచ్చేస్తుంది.

అక్క చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేన్లలో కలుపు తీసేది. ఆడవాళ్లు వరసలో వంగి తీస్తుంటే ఆమె పాట ఎత్తుకునేది. పడమటి నుంచి మోడం ఒకటి వస్తుంది. మోడమంటే మేఘమే, మాకు అదే మాట. వచ్చి, చేనంతా నల్లగా కమ్మి, ఒక్క చినుకు రాల్చకుండా పోతుంది. అప్పుడు అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, తల పైకెత్తి పాడేది.

ముండమోపి మోడమా, మొకం దాసి పోతావా
నీ మొగుడూ సచ్చెనా, నీ కండ్లూ ఎండెనా
ఈడ నాతో కూసోవే, ఇద్దరమూ ఏడ్సుదాం

మొదటి మాటకు వరసంతా నవ్వేది. పాట మూడో వరసకు వచ్చేసరికి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఊరంతా తనని అన్న మాటను తీసుకుపోయి ఆమె ఆకాశానికి తగిలించింది. తగిలించి, దాన్ని దగ్గరికి పిలిచి కూర్చోమంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజుల్లో నాకు ఆ బూతు ఒక్కటే వినపడేది.

తొంభైల చివర్లో, వాన నీళ్లు నిలబెట్టుకోవాలని ఊరూరా పాటలతో చెప్పే బృందం ఒకటి మా దిక్కు తిరిగింది. దానికి పెద్ద ఒక బడిపంతులు. మంచివాడే. చేను గట్టు మీద జీపు ఆపి అక్క పాట విన్నాడు. విడపనకల్లులో సభ ఉంది, పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తారు, ఈమె చేత పాడించాలన్నాడు. ఇంటికి వచ్చి, అక్క నా పక్కనే కూర్చుని ఉన్నా, నాతోనే అన్నాడు.

"పాట బంగారమన్నా. ఆ ఒక్క మాటే ఇబ్బంది. ఆడోళ్లుంటారు, ఆఫీసర్లుంటారు. నువ్వు సదువుకున్నోడివి, దాని బదులు ఇంగొకటి ఎయ్యి."

చదువుకున్నోడివి అని నన్ను అన్న మొదటి మనిషి అతను. ఆ మాటకు నేను పడిపోయాను. మధ్యాహ్నమంతా ఆలోచించి, 'ముండమోపి మోడమా' కొట్టేసి 'మందగమన మేఘమాలా' అని పెట్టాను. నా తెలుగు మొత్తం అందులో పోసినట్టు అనిపించింది. అక్కకు చదివి వినిపించాను.

"ఎవర్రా ఆయమ్మ?" అంది.

మేఘమాల అంటే మోడాల వరస అని చెప్పాను.

"మన చేను మీదికి వచ్చేదే ఒక్క మోడం. వరస యాడుండాది?" అంది. కాసేపు నోట్లో తిప్పుకుని చూసి, "ముక్కూ మొగం తెలీనామెను నాకాడ కూసోమని ఎట్ల పిలవల్ల అబ్బీ?" అంది.

నేను వినలేదు. నాలుగు రోజులు వల్లె వేయించాను. పాపం, నా కోసం నేర్చుకుంది.

సభలో మొదటి వరస బాగానే వచ్చింది. డప్పు అందుకుంది. రెండో వరసలో గొంతు కొంచెం తగ్గింది. మూడో వరసకు వచ్చేసరికి, ఎవరో గొప్పింటి ఆడమనిషిని పిలుస్తున్నట్టు, తనకు తెలియకుండానే, "ఈడ నాతో కూసోండమ్మా" అని పాడింది. మేఘమాలను 'వే' అనడానికి ఆమెకు నోరు రాలేదు. తాళం తప్పింది. డప్పాయన ఆగిపోయాడు. జనం గొల్లున నవ్వారు. ముందు వరసలో ఆఫీసర్లు కూడా నవ్వారు. అక్క రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి స్టేజీ దిగింది.

పంతులు పాటను వదలలేదు. ఇద్దరు ఆడపిల్లలకు నేర్పించాడు. ఏడ్చే వరస తీసేసి కందకాలు తవ్వే వరస చేర్చాడు. మేఘమాల పాట జీపెక్కి ఊర్లన్నీ తిరిగింది. మైకులో మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండేళ్లు తిరిగేసరికి మా చేన్లలోనే, అక్క పక్కనే వంగి కలుపు తీసే కోడళ్లు నా మేఘమాలనే పాడుతున్నారు. మైకులో వచ్చింది కాబట్టి అదే అసలు పాట అనుకున్నారు. అక్క తన సాలులో తాను, తన పాట తాను చిన్నగా పాడుకునేది. దాన్ని ఎవరూ అందుకునేవాళ్లు కాదు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది. మంచి మాట పెడతానని పోయి, మంచి పాటను చంపానని.

తర్వాత ఏడెనిమిదేళ్లకు బెంగళూరు నుంచి నలుగురు కుర్రవాళ్లు వచ్చారు. పాడేవాడి నాయన వాళ్లది తనకల్లు దిక్కు. వాడి తెలుగు సగం కన్నడం. కరువు సీమలో పాత పాటలు వెతుకుతున్నారట. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్ అన్నాడు. అది ఎగరడానికి, చిందులేయడానికి కాదట. ఒక్కో పాట పావుగంట, మధ్యలో తాళం నాలుగుసార్లు మారుతుంది, కూర్చుని వినాలి. చిన్న మిషనులో ఒకటి వినిపించాడు. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అయిదు నిమిషాలు శ్రద్ధగా విని, "ఎప్పుడు మొదలు పెడతారప్పా?" అంది. నలుగురూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు వాళ్లు నచ్చారు.

అక్క పాట విన్నాక వాళ్లలో వాళ్లకు తగాదా వచ్చింది. డ్రమ్ములు వాయించే అబ్బాయికి కళ్లద్దాలు. వాడు ఆ తిట్టు వద్దన్నాడు. వాయించడం చేతకానివాళ్లు చప్పట్ల కోసం స్టేజీ మీద బూతులు అరుస్తారు, మన సంగీతానికి అది ఎందుకు అని వాడి వాదన. పాడేవాడు ఒప్పుకోలేదు. తిట్టు తీసేస్తే అది కరువు పాట ఎట్లా అవుతుంది, గాజు పెట్టెలో బొమ్మ అవుతుంది అన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. ఒక్క మాట గురించి గంట వాదించుకునే మనుషుల్ని నేను నా జన్మలో చూడలేదు. చివరికి నా వైపు తిరిగారు. మీరు చెప్పండి పెద్దాయనా అన్నారు.

నేను గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను. "ఆ మాట తీస్తే పాట సస్తాది నాయనా. ఒకసారి నేనే సంపినా."

మూడు వరసలూ నోటుపుస్తకంలో రాసుకుని, ఇంకో కాగితం మీద ఎక్కించి వాళ్లకు ఇచ్చాను. అనంతపురంలో ఒక కాలేజీ మైదానంలో వాళ్ల ప్రదర్శన ఉంది. అక్క మొదట పాడాలి, ఆ తర్వాత వాళ్లు అందుకుంటారు. అక్క రానంది. ఆడ చేనుందా, మోడముందా, ఏం చూసి పాడల్ల అని అడిగింది. కళ్లు మూసుకుని పాడమన్నాను. పోయినసారి చేసిన తప్పు దిద్దుకుంటానని, నా మొహం చూసి ఈ ఒక్కసారి రమ్మని బతిమాలాను. ఆమె ఎప్పుడూ నా మొహం చూసే వచ్చింది.

పొద్దు గుంకుతుండగా ఆమెను స్టేజీ ఎక్కించారు. అరవై దాటిన మనిషి. కళ్లు మూసుకుంది. పాడింది. అంత జనంలో చిన్న సద్దు లేదు. మూడు వరసలూ చేన్లో పాడినట్టే పాడింది. నా గుండె నిండిపోయింది.

అప్పుడు గిటార్లు అందుకున్నాయి. పాడే కుర్రవాడు మొదటి మాటను పట్టుకున్నాడు. దాన్ని సాగదీశాడు, విరిచాడు, అరిచాడు. తాళం మారింది. మళ్లీ అదే మాట. మోడం అన్న మాట రాలేదు, మొదటి మాట ఒక్కటే వచ్చింది. ఆ తర్వాత మైకు జనం వైపు తిప్పాడు. మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది, ముండమోపి అని. మళ్లీ తిప్పాడు. మళ్లీ అరిచింది. పిల్లలు సంతోషంగా ఉన్నారు. ఒక్కరి మనసులో కూడా విషం లేదు. చేతులెత్తి స్టేజీ వైపు చూపిస్తూ అరిచారు. స్టేజీ మీద, వెలుగులో, మా అక్క నిలబడి ఉంది.

ఆమె కళ్లు తెరిచింది. కొంగు తీసి తల మీద కప్పుకుంది, ఇరవై రెండేళ్లప్పుడు వీధిలో నడిచేటప్పుడు కప్పుకున్నట్టే, నుదురు కనపడకుండా. కళ్లద్దాల అబ్బాయి చూశాడు. వాడొక్కడే వాయించడం ఆపాడు. మిగతావాళ్లు తాళం మారిందనుకున్నారేమో, కొనసాగించారు.

అక్కా నేనూ రాయదుర్గంలో బస్సు దిగాం. ఊరి బస్సు కోసం కూర్చున్నప్పుడు అడిగింది. "ఎంతమందుంటార్రా వాళ్లు?"

వెయ్యి మంది ఉంటారన్నాను.

"మనూర్లో అనేటోళ్లు ఇరవై మంది కూడా లేరు" అంది.

నెల తర్వాత పాడే కుర్రవాడు ఆ రాత్రి రికార్డు తీసుకుని సంబరంగా వచ్చాడు. అక్క లోపలే ఉండిపోయింది. నేను గుమ్మంలోనే వాణ్ణి నిలబెట్టి కడిగేశాను. నా పాత చాదస్తమంతా బయటికి వచ్చింది. సంగీతం నేర్చుకున్నవాడివి నీకు సిగ్గులేదా అన్నాను. వాడు తల దించుకుని అంతా విన్నాడు. "మీరే కదా పెద్దాయనా, ఆ మాట ఉండాలంటిరి" అన్నాడు చివర్లో, ఎదురు చెప్పినట్టు కాదు, నిజంగా అర్థం కాక.  ఇవాళ్టికీ పాటల్లో బూతుల గురించి పత్రికల్లో వాదనలు వస్తే చదువుతాను. ఉండాలని కొందరు, తీసేయాలని కొందరు. రెండు పక్కలా నేనే కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కాగితం చించేయాలనిపిస్తుంది.

ఆ తర్వాత అక్క పాడలేదు. ఇంకో అయిదేళ్లు బతికింది, నడుం వంగినంత కాలం కలుపుకు పోయింది. మోడాలు వచ్చేవి, చేను నల్లబడేది. పక్కనున్న ఆడవాళ్లు అడిగితే, తల ఎత్తకుండా గడ్డి పీకుతూ ఉండేది. ఒకసారి నేను టేపురికార్డరు అడిగి తెచ్చుకుని ఆమె ముందు పెట్టాను. నాకోసం ఒక్కసారి అన్నాను.

"నువ్వు రాసుకుంటివి కదరా. సూసి పాడుకో" అంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

ఆమె పోయిన మరుసటి ఏడాది, విత్తనం వేసి నెల దాటినా చినుకు లేదు. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉంటే పడమట నల్లగా లేచింది. ఇంటి మీదికి వచ్చింది. నోటుపుస్తకం తెచ్చుకుని తెరిచాను. మాటలన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం తప్పు పోలేదు. రాగం నాకు రాదు. అయినా తల పైకెత్తి, నాకు వచ్చినట్టు, గట్టిగా మొదటి మాట అన్నాను.

ఎదురింటి వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు ఎత్తుకుంటున్న పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆ ఇంటి కోడలు. ముప్పై కూడా ఉండవు. అంతకు ముందు ఎండాకాలమే ఆమె మొగుడు పోయాడు. చేతిలో మిరపకాయలు అక్కడే వదిలేసి, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి పోయి తలుపేసుకుంది.

మోడాన్ని అన్నాను తల్లీ అని చెప్పడానికి వీధి దాటి పోయాను. తలుపు ముందు నిలబడి పైకి చూశాను. చూపించడానికి మోడం కూడా లేదు.