నా నాటకంలో రాక్షసి

మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది: నాటకంలో రాజకుమారుడు ఉప్మా చేశాడని మా కార్ఖానా పేటలోని తల్లిదండ్రులు గొడవ చేశారట, పాపం ఈవిడగారి, అంటే నా, అభ్యుదయం మూలపడిందట! శుద్ధ అబద్ధం. దాన్ని పుట్టించిందీ నేనే. ఆ నాటకాన్ని ముంచిందీ నేనే. ఒకే ఒక్క వాక్యంతో, పైగా నవ్వుతూ, నిలువునా ముంచాను.

అప్పుడు ఐదో తరగతి టీచర్ని. పాత కథల్లో ఆడపిల్లలు కిటికీలో కూర్చుని ఏడవడం తప్ప ఏం చేస్తారని ఒళ్ళు మండి, తిరగరాశాను. రాజకుమారి కత్తి పడుతుంది, రాజకుమారుడు ఉప్మా కలుపుతాడు, రాక్షసి ఓడిపోతుంది. లోకాన్ని ఉద్ధరించేసినట్టు, తిరుమలగిరి కవాతులో సిపాయిలా ఛాతీ విరుచుకుని తిరిగాను. పిల్లలకే ఎక్కలేదు.

"టీచర్, రాజకుమారుడు వంట చేస్తే యుద్ధం ఎవరు చేస్తరు?"

"రాజకుమారి రా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆమెకు భయం గాదా మరి?"

మూడు వారాలు ఇదే. గోడకు చెప్పినా ఈపాటికి సున్నం రాల్చి తలూపేది.

వేషాలు పంచే రోజు వచ్చింది. రాజకుమారిగా పాలమీగడలాంటి పిల్లను ఎంచాను. (ఎందుకో మీకు అర్థమైందిగా? నాకు కాలేదు.) తర్వాత శిరీష మీద చూపు పడింది. క్లాసులో ఖంగుమనే గొంతు దానిదే. రాజకుమారి మాటలన్నీ అప్పటికే కంఠతా పట్టేసింది.

"నువ్వు రాక్షసివి. నీకు మేకప్ కూడా అక్కర్లేదు!" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

శిరీష నవ్వలేదు. "టీచర్, కథల అన్నీ మార్చిన్రు గదా. రాక్షసి రంగు ఎందుకు మార్చలే?"

"అబ్బా, జోక్ చేశానే!"

నాలుగో రోజు వాళ్ళమ్మ, బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు అమ్మే మనిషి, సరాసరి బడికి వచ్చింది. "టీచరమ్మా, పిల్ల జెర పరేషాన్ ఉంది. పొద్దుమాపు మొఖానికి పౌడర్ రుద్దుకుంటుంది. ఇస్కూల్ల ఏమన్న అయ్యిందా?"

గంటలకొద్దీ ఉపన్యాసాలు దంచే నేను, "ఏం లేదమ్మా" అని పంపించేశాను.

మర్నాడు శిరీషకు రాజకుమారి వేషం ఇస్తానన్నాను. "వద్దు టీచర్. మళ్ళ నవ్వుతరు," అంది. నాటకమే రద్దు చేశాను.

కాబట్టి బడి అసెంబ్లీలో నిలబడ్డంత గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ పిల్లకూ మొహం చూసి వేషం ఇవ్వను. కానీ ఒక్కటి ఎవరైనా చెప్పండి. మూడు వారాలు వివరించినా నా కథ వాళ్ళ తలకెక్కలేదు. ఒక్క ముక్క వివరించకపోయినా నా జోకు మాత్రం క్లాసంతటికీ ఒకేసారి అర్థమైంది. పదేళ్ళ పిల్లలకు ఆ పాఠం అంత బాగా నేర్పిన టీచరు ఎవరు?