ప్రిన్సిపాల్ గారి పేరు పెట్టాల్సిన మొక్క

పంతొమ్మిదివందల యాభైల్లో ఒక చలికాలం ఏలూరులో రైలెక్కాను. పక్కన కూర్చున్న వృక్షశాస్త్రం లెక్చరరు తాడేపల్లిగూడెం దాకా ఒకే మొక్క గురించి చెప్పాడు. గణపవరం వైపు ఒక పంటబోదె గట్టున, తడిగడ్డిలో, నేల మీద పెరిగే ఆర్కిడ్ మొగ్గ తొడిగిందట. దానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదట. పువ్వు విచ్చగానే లాటిన్‌లో తమ ప్రిన్సిపాల్ గారి పేరు తగిలిస్తాడట. ప్రమోషను దానంతటదే వస్తుందట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తమాషా చూద్దామని నేనూ వెంట వెళ్ళాను. చేను ఆసామి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఆయన వెనక గట్టు పొడుగునా పచ్చటి పోచ లేదు.

"ఇక్కడ గడ్డి ఉండాలే?" అన్నాడు లెక్చరరు.

"మళ్ళీ వస్తానని సెలవిచ్చారు కదండీ. మీలాంటి పెద్దలు నడిచే దారి, పురుగూ పుట్రా ఉంటాయని నిన్ననే గడ్డి కోయించి గట్టు చెక్కించానండీ. ముందు భోజనానికి దయచెయ్యండి."

అంత మర్యాద మీద కోప్పడటం ఎవరి తరం? లెక్చరరు "చాలా సంతోషమండీ" అన్నాడు.

పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ చూశాం. కోసిన గడ్డంతా గేదె ముందుంది. అది ప్రిన్సిపాల్ గారిని తీరిగ్గా నెమరేస్తోంది.