ఉదయం రైలుకు చెప్పాల్సిన మాట

మా స్టేషన్ నేల మీద ఉండేది కాదు. గంజ్ మార్కెట్ ముందరి రోడ్డు మీదుగా రైలు వంతెన పోయేది, దాన్ని ఆనుకుని ఎత్తైన కట్ట మీద ప్లాట్‌ఫారం. కింద ఎండుమిర్చి బస్తాలు, తోపుడుబండ్లు, రిక్షాల లొల్లి. మెట్లెక్కి పైకి చేరినా ఆ ఘాటు వదిలేది కాదు, రైలు కోసం నిలబడ్డవాళ్లంతా తుమ్ముతూనే ఉండేవాళ్లు.

మా బాపు ఇరవై ఏళ్లు ఆ మెట్లెక్కే ఫ్యాక్టరీకి పోయాడు. మాకంటే ముందు ఫలక్‌నుమాలో ఎక్కే ఆయన ఫ్యాక్టరీ దోస్తులు నలుగురు కిటికీ పక్క సీటు మీద దస్తీ పరిచి ఆయన కోసం ఆపేవాళ్లు. వాళ్లలో పెద్దాయనను బాపు భాయ్ అనేవాడు, మాదీ అదే పిలుపు. ఇంట్లో మాతో పది మాటలు మాట్లాడని మనిషి ఆ రైలుపెట్టెలో దారి పొడుగునా నవ్విస్తూ ఉండేవాడట. నిజం చెప్పాలంటే అది నాకు కుళ్లుగా ఉండేది.

ఒక తెల్లవారుజామున బాపు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. నాకప్పుడు పదహారేళ్లు. మా గల్లీలో ఫోన్ లేదు. "స్టేషన్‌కు పోయి ఆళ్లకు చెప్పు బిడ్డా, దిగి వస్తరు" అని అమ్మ నన్ను పంపింది.

రైలు ఒక్క నిమిషమే ఆగేది. సీటు మీద దస్తీ పరిచే ఉంది. భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి, బాపు ఇంకా రాలేదేమని అడిగాడు. నలుగురూ నవ్వుతూ నా వైపు చూస్తున్నారు. ఈ లోకంలో ఆ పెట్టెలో మాత్రమే బాపు ఇంకా బతికి ఉన్నాడు. నా నోట "జ్వరమొచ్చింది" అన్న మాట వచ్చింది. ఎందుకలా అన్నానో, ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. రేపటికి తగ్గిపోతుందిలే అన్నాడు భాయ్. రైలు కదిలింది.

ఇంటికొచ్చి, చెప్పానన్నాను. అమ్మ నమ్మింది. పాడె సిద్ధమైంది. పొద్దు పోతోందని చిన్నాన్న కోప్పడ్డాడు. వాళ్లు సెలవు పెట్టుకుని వస్తారు, వాళ్ల భుజాల మీద పోవాలనే ఆయనకుంటుంది అని అమ్మ మొండికేసి కూర్చుంది. ప్రతి రైలు కూతకూ గుమ్మం వైపు చూసేది. నేను మూలన కూర్చుని నోరు విప్పలేదు. అప్పుడైనా నిజం చెబితే ఎవరో ఒకరు సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోయి వాళ్లను తెచ్చేవాళ్లు. చివరికి పొద్దుగూకే ముందు చుట్టాలే ఎత్తారు.

"ఇరవై ఏండ్ల దోస్తానా గింతేనా" అంది అమ్మ. ఆ తర్వాత వాళ్ల ఊసెత్తలేదు.

ఆదివారం నలుగురూ బత్తాయిల సంచి పట్టుకుని మా ఇంటికొచ్చారు, జ్వరం తగ్గిందేమో చూసిపోదామని. అమ్మ తలుపు తీసి, ఇప్పుడా మీరొచ్చేదని కసిరింది. భాయ్ ఆమె వెనక దీపం ముందున్న బాపు ఫోటోను చూశాడు. అమ్మ ఆ సంచిని చూసింది. ఇద్దరూ నా వైపు తిరిగారు. చేసిందంతా చెప్పాను. కొడతారనుకున్నాను, ఎవరూ కొట్టలేదు.

భాయ్ గడప మీదే కూలబడ్డాడు. "భుజం గూడ పట్టనియ్యకపోతివి గద బిడ్డా" అన్నాడు.

అమ్మ లోపలికెళ్లి ఫోటో ముందు నిలబడింది.

"నీ దోస్తులొచ్చిండ్రు" అంది. "ఆళ్లకు తెల్వనే తెల్వదట."