పెట్టెలో పెట్టి మూసిన తాళంచెవి

చక్కగా నడుస్తున్నదాని మీదికి మనిషి చెయ్యి ఎందుకు పోతుంది? చెడిపోయినదాన్ని బాగుచెయ్యడం అవసరం, ఒప్పుకోవచ్చు. బాగున్నదాన్ని విప్పి చూడాలన్న దురద ఎక్కడ పుడుతుందో, ఇంత వయసొచ్చినా, ఇన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. రీస్టార్టు మావయ్య మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు: "నడుస్తోందంటే దానికి చెడిపోయే తీరిక దొరకలేదన్నమాట."

ఆయన ముప్పై ఏళ్లు లిఫ్టు మెకానిక్కు. ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి టీవీ అలిగినా "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి" అనేవాడు గనక వాళ్లుండే నాలుగంతస్తుల భవనంలో ఆయన రీస్టార్టు మావయ్య అయ్యాడు. ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టే ఆయన భార్య అందరికీ అత్తయ్య.

ఆయనకు కంప్యూటర్ల పిచ్చి ఎలా పట్టిందంటే, వీధి చివర జిరాక్సు షాపాయన "దీని పని అయిపోయింది" అని పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌ను మావయ్య చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అందులో డబ్బివ్వకుండా దొరికే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేస్తే అది నిద్రలేచినట్టు లేచి కూర్చుంది. ఇంకేముంది, ఫొటోలు, పాటలు, పాస్‌వర్డులు అన్నీ అందులోకే చేరాయి. అది ఇంటి సర్వరై వంటింటి అటక మీద కాపురం పెట్టింది. "మన సామాను పక్కింట్లో దాచుకుని, కావాల్సినప్పుడల్లా వాళ్ల తలుపు కొడతామా?" అన్నది ఏ కంపెనీవాళ్ల దగ్గరా ఏదీ దాచనన్న మావయ్య వాదన.

దీపాలు కూడా దాని మాటే వినేవి. గదిలో మనిషి కదిలితే వెలిగేవి, అలికిడి లేకపోతే ఆరిపోయేవి. అత్తయ్య వాళ్లమ్మకు కిటికీ లేని నడవలో కుర్చీ వేసుకుని, కదలకుండా చదువుకోవడం అలవాటు. పావుగంటకోసారి చీకట్లోంచి ఆవిడ గొంతు వినిపించేది.

"అల్లుడుగారూ, నేనింకా బతికే ఉన్నానని మీ దీపానికి కాస్త చెప్పండి!"

"ఒక్కసారి చెయ్యూపండి అత్తగారూ!"

"ఊపీ ఊపీ, చదువుతున్నానో రైలెక్కుతున్నానో నాకే తెలియడం లేదు నాయనా."

అత్తయ్యకు ఈ గొడవల్లో పనికొచ్చింది ఒక్కటే, కొలతల పుస్తకం. ఇరవై ఏళ్ల కాగితాల పుస్తకాలు పురుగు పట్టిపోతుంటే, మావయ్య రెండు నెలలు కూర్చుని ప్రతి ఛాతీ, ప్రతి నడుం, ప్రతి చెయ్యి పొడవూ సర్వర్లోకి ఎక్కించాడు. పాతవి చిత్తుకాగితాలవాడికి వెళ్లిపోయాయి. ఇస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి ఓ క్షణం ఆగింది. "నేనున్నాగా" అన్నాడు మావయ్య.

ఆ మంగళవారం పొద్దున అత్తయ్య బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది. ఒక పాటల బృందానికి ఇరవై రెండు పొడుగు అంగీలు శుక్రవారానికి కావాలి. వాళ్లు నెల క్రితమే కొలతలిచ్చి ఊళ్లు తిరుగుతున్నారు, కచేరీ రోజు తిన్నగా వేదిక దగ్గరికే వస్తారు. మళ్లీ కొలుద్దామంటే మనుషులు లేరు.

సరిగ్గా అప్పుడే మావయ్య అటకెక్కి ల్యాప్‌టాప్‌ను దించి బల్ల చివర పెట్టాడు, లైనక్స్ కొత్తది వచ్చిందని.

"ఏడాదిగా తుమ్మకుండా దగ్గకుండా నడుస్తోంది కదండీ, దాని జోలికెందుకు?"

"ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. నువ్వు సుద్ద అరగదీసేలోపు అయిపోతుంది."

అన్నీ విడిగా ఒక డిస్కులోకి ఎత్తాడు. లోపలున్నవి ఎవరూ చూడకుండా ఆ డిస్కుకు నలభై అక్షరాల తాళం ఎప్పుడో వేసే ఉంచాడు. ల్యాప్‌టాప్‌ను శుభ్రంగా తుడిచేసి కొత్త లైనక్స్ వేశాడు. ఈల వేస్తూ డిస్కు తగిలించాడు. అది తాళం అడిగింది. నలభై అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి? పాస్‌వర్డులన్నీ దాచి ఉంచే యాప్, ఆయన 'గుత్తి' అనేది, దాని కోసం ఫోను తీశాడు. పైన "సర్వర్ దొరకడం లేదు" అని ఎర్రగీత కనిపించింది. అలవాటైన చెయ్యి ఆగుతుందా, లాగౌట్ కొట్టి మళ్లీ లోపలికి వెళ్లబోయాడు. లాగౌట్‌తో ఫోన్లో ఉన్న నకలు కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఈల ఆగిపోయింది.

"ఏమైంది? అలా నిలబడ్డారేం?" అంది అత్తయ్య.

"తాళంచెవి..."

"ఎక్కడ పెట్టారు?"

"పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

"తాళం వేసిన పెట్టెలోనే."

లిఫ్టు యంత్రం గది తాళంచెవిని లిఫ్టు యంత్రం గదిలో పెట్టకూడదన్నది, పనిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన చెప్పిన మొదటి పాఠం.

అత్తయ్య అరవలేదు. కత్తెర బల్ల మీద పెట్టింది. అరిచినా బాగుండేదనిపించింది మావయ్యకు.

"ఇరవై రెండు మందండీ" అంది చిన్నగా. "అందులో ఒకాయనకు ఒక భుజం కిందికి ఉంటుంది. ఎవరికో గుర్తులేదు."

"కాగితం ఎప్పుడైనా పాస్‌వర్డు అడిగిందా?" అంది పెద్దావిడ నడవలోంచి, ఎవరినీ ఉద్దేశించనట్టు.

మావయ్య స్టూలు మీద కూలబడ్డాడు. అత్తయ్య గుడ్డ మడత పెట్టబోయి ఆగింది.

"మీరు ఆ గుత్తి నా పగిలిన ఫోన్లో కూడా వేశారు కదూ? కొత్త ఫోను కొనకముందు?"

మావయ్య ఒక్క ఉదుటున లేచాడు. దారపు కండెల సొరుగులోంచి ఫోను బయటికొచ్చింది. చార్జింగు ఎక్కేదాకా ముగ్గురూ దాని చుట్టూ చంటిపిల్ల ఉయ్యాల దగ్గర చేరినట్టు చేరారు.

"ఇటివ్వు, ముందు ఒకసారి ఆపి—"

"చెయ్యి తియ్యండి! ఏం నొక్కాలో నోటితో చెప్పండి. నేను నొక్కుతాను."

"వైఫై తీసెయ్యి, సర్వర్ కోసం వెతక్కుండా. ఇప్పుడు గుత్తి తెరువు. అసలు పాస్‌వర్డు అడుగుతుంది." మావయ్య గొంతు తగ్గించి చెవిలో చెప్పాడు.

అత్తయ్యకు అంత కష్టంలోనూ నవ్వు ఆగలేదు. "అమ్మా, నీ మీద పెట్టారే! 'అత్తగారు ఇంకా ఉన్నారు', చివర మూడు సున్నాలు!"

"ఉండబట్టే తెరుచుకుంటోంది" అంది పెద్దావిడ. "చదవండి, రాస్తాను."

కాగితం కోసం వెతికే ఓపిక ఎవరికీ లేదు. గుత్తిలో దొరికిన ఆ నలభై అక్షరాలనూ చేతికందిన సుద్దతో నల్లటి లైనింగు గుడ్డ మీదే ఆవిడ గుండ్రంగా రాసింది. చివరి అక్షరం సున్నానో ఇంగ్లీషు 'ఓ'నో తేలక ఒకసారి తప్పు పడింది. రెండోసారి డిస్కు నోరు తెరిచింది. ఇరవై రెండు మందీ క్షేమంగా లోపలే ఉన్నారు.

అత్తయ్య మొదట చేసిన పని, చుట్టాలకు ఉత్తరాలు రాసే లావుపాటి నోటుపుస్తకం తెచ్చుకోవడం.

"సర్వర్లో ఉందిగా" అన్నాడు మావయ్య.

"ఉండనివ్వండి, దాన్నెవరు వెళ్లగొట్టారు? మీరు చదవండి."

మావయ్య ఒద్దికగా చదివాడు. ఛాతీ నలభై, నడుం ముప్పై ఆరు, చెయ్యి ఇరవై నాలుగు. తొమ్మిదో ఆయనకు ఎడమ భుజం అంగుళం కిందికి. ఆవిడ రాస్తూ రాస్తూ మనసులోనే గుడ్డ కత్తిరించుకుంటోంది.

"ఇరవై ఒకటి అయింది. తర్వాత?"

తలెత్తింది. స్టూలు ఖాళీగా ఉంది. బల్ల చివర లైనింగు గుడ్డ కూడా లేదు.

కిటికీలోంచి చూస్తే మావయ్య వీధి దాటుతున్నాడు. సుద్ద రాలకుండా గుడ్డను రెండు చేతుల మీదా పరిచి పట్టుకుని, నిండు బిందె మోస్తున్నవాడిలా అడుగులో అడుగేసుకుంటూ, జిరాక్సు షాపు వైపు.

"వెళ్తున్నానని ఒక్క ముక్కయినా చెప్పలేదే!" అంది పెద్దావిడ.

"కాగితం మీదికి నకలు తీయించడానికే. చెబితే గుడ్డ ఇవ్వనని తెలుసులే అమ్మా."

అత్తయ్య ల్యాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుని, ఇరవై రెండో ఆయన కొలతలు తనే చూసి రాసుకుంది. కత్తెర అందుకుంది.