రానివాళ్ళ కోసం చదివిన చదువు

మా పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విశాఖపట్నంలో ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాను. "పెద్దమ్మ ఎల్లిపోయిందే. నిద్దట్లోనే," అంది అమ్మ, అంతే. ఎదురుగా మంచం మీద ఒక ముసలాయన బీపీ చూడమని చెయ్యి చాపి ఉన్నాడు. పట్టీ చుట్టి, చూసి, కాగితం మీద రాసి, అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. పెద్దమ్మ పక్కనుంటే ముందు ఏడవమనేదో, ముందు బీపీ చూడమనేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ బతుకంతా అదే పేచీ.

చోడవరం వాళ్ళకి ఆవిడ డాక్టరమ్మ. బస్సులు తిరిగే రోడ్డు మీద రేకుల వరండా ఉన్న చిన్న ఆసుపత్రి ఆవిడది. ఎం.బి.బి.ఎస్. అవగానే తోటివాళ్ళు పురుళ్ళ వైపో పిల్లల వైపో వెళితే ఆవిడ ప్రజారోగ్యంలో పీజీ చేసింది. మా తాతయ్యకి అది కోరి కొరివితో తల గోక్కోవడంలాగే ఉండేది. "డాక్టరు సదివి మళ్ళీ ఈ కాలవలు సూసే సదువేటే?" అని తను పోయేదాకా సణిగాడు. మీ పెద్దమ్మాయి ఏం చదివిందని చర్చిలో ఎవరైనా అడిగితే మొదటి డిగ్రీ గట్టిగా చెప్పి, రెండోది దగ్గులో కలిపేసేవాడు.

బోర్డు మీద మాత్రం పెద్దమ్మ రెండు డిగ్రీలూ ఒకే సైజులో రాయించింది. "ఆ రెండోదేటమ్మా?" అని అడిగేవారు రోగులు. "ఇక్కడికి రానోళ్ళ గురించి సదివేను," అనేది.

నాడి పట్టుకుంటూనే "ఏ నీళ్ళు తాగతన్నారు?" అనేది. సూది వేయించుకుందామని వచ్చినవాళ్ళను నీళ్ళు కాచుకోమని పంపిస్తే వాళ్ళ మొహాలు చూడాలి. మా వాళ్ళిళ్ళలో పెళ్ళంటే ఇంకా తలనొప్పి. పెళ్ళికూతుర్ని పలకరించకముందే వంటల దగ్గరికి వెళ్ళి నీళ్ళ డ్రమ్ముల్లోకి తొంగిచూసేది. ఆవిణ్ణి చూడగానే వంటవాళ్ళు గబగబా మూతలు పెట్టేసేవారు. "నానందుకే వస్తాను. మూతెడితే సాలు, బోయినం ఎట్టకపోయినా పర్లేదు," అనేది. పిల్లలం సిగ్గుతో చచ్చేవాళ్ళం.

నా డాక్టరు చదువు చివర్లో సెలవులకి వెళితే నన్ను వెంటేసుకుని ఊళ్ళకి తిప్పింది. ఆడవాళ్ళ మధ్య అరుగు మీద కూర్చుని "ఈ ఈదిలో ఆస్పత్రికి రానోళ్ళెవరే?" అని అడిగేది. ఒక ఇంటి వెనక పశువుల పాకలో, నెలల తరబడి దగ్గుతున్న మనిషి అలాగే దొరికాడు. అతన్ని పరీక్షకి పంపడంతో పని అయిపోయిందనుకుని నేను లేచాను. "కూకో," అంది. "ఆడొక్కడు దగ్గితే ఆ ఇంట్లో అందరి రొమ్మూ ఇనాల." సాయంత్రం దాకా విన్నాం. ఏ క్లాసులోనూ నాకు అంత పాఠం దొరకలేదు.

చెప్పక తప్పనిది ఒకటుంది. ఆవిడ దాచలేదు కాబట్టి నేనూ దాచను.

ఒక ఏడాది చెరుకు నరికే రోజుల్లో, కె.కోటపాడు దగ్గర పొలాల్లో గుడిసెలు వేసుకున్న కూలీల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాంతులు, విరేచనాలతో వచ్చారు. వాళ్ళను పెద్దాసుపత్రికి పంపించి, పట్టపగలు తలుపుకి తాళం వేసి పెద్దమ్మ ఆటో ఎక్కింది. "మేం రోగులం కాదేటమ్మా?" అని గొణిగారు వరండాలో కూర్చున్నవాళ్ళు. అక్కడ గుడిసెల వాళ్ళంతా గట్టు పక్క గొయ్యిలో నీళ్ళే తాగుతున్నారు. మంచినీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా ఆవిడ కదల్లేదు. ఆ గుడిసెల నుంచి మళ్ళీ ఏ బిడ్డా ఆ జబ్బుతో రాలేదు.

ఆ మధ్యాహ్నమే రావికమతం వైపు నుంచి ఒక రైతు గుండెనొప్పితో, భార్యతో కలిసి షేర్ ఆటోలో వచ్చాడు. తాళం చూశారు. డాక్టరమ్మ వచ్చేస్తుందేమోనని కాసేపు మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత అనకాపల్లి బయల్దేరారు. దారిలోనే ఆయన ప్రాణం పోయింది.

సంగతి తెలిసి మర్నాడు పెద్దమ్మ ఆ ఊరు వెళ్ళింది. వాళ్ళూ మాలాగే క్రైస్తవులు. భూస్థాపనలో అందరితోపాటు పిడికెడు మట్టి వేసి, ఆయన భార్య దగ్గరికి వెళ్ళి "తాళమేసి ఎల్లింది నానేనమ్మా," అని చెప్పింది. ఆవిడ మొహం తిప్పేసుకుంది. మళ్ళీ ఎప్పుడూ మా ఆసుపత్రి మెట్లెక్కలేదు.

ఆ తర్వాత పగటిపూట ఆ తలుపుకి తాళం పడలేదు. ఊళ్ళకి వెళ్ళాలంటే రిటైరైన ఒక డాక్టరుగారిని బతిమాలి తన కుర్చీలో కూర్చోబెట్టేది. ఆయనకి కుదరకపోతే ప్రయాణం మానుకునేది. ఆ రోజు అన్నం సరిగ్గా తినేది కాదు. "రెండు సదువులూ నా లోపల దెబ్బలాడుకుంటాయే," అంది నాతో ఒకసారి. "ఒకటి ఎదురుగున్నోడిని సూడంటాది. ఇంకోటి రానోడిని సూడంటాది. రాజీ కుదర్సడం నాకు సేతకాలేదు."

అయినా నేను ఆ రెండో చదువుకే దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చిందని చెప్పేనాటికి ఆవిడ కాన్సర్‌తో మంచం పట్టి ఉంది. ఆసుపత్రిని ఆ రిటైరైన డాక్టరుగారే ఎలాగో నెట్టుకొస్తున్నారు. నా చెయ్యి పట్టుకుని "సదువు," అంది. మరి ఆసుపత్రిని ఏం చెయ్యమంటావని అడిగాను. "అది నాను సెప్పకూడదే గుంటా," అంది. చదువయ్యేదాకా మూసెయ్యడమే మార్గమని నాకు తోచింది. అమ్మ అప్పటికే ఒక సెల్‌ఫోన్ల షాపువాళ్ళతో అద్దె మాట్లాడుతోంది.

భూస్థాపన నాడు సమాధుల తోటంతా జనం. అందరూ మట్టి వేసి వెళ్ళిపోతుండగా ఒక పెద్దావిడ వచ్చింది. వంగలేక వంగి, పిడికెడు మట్టి తీసి వేసింది. "ఆ రావికమతం ఆవిడే," అంది అమ్మ నా చెవిలో. దగ్గరికి వెళ్ళి వందనాలు చెప్పాను.

"మీ పెద్దమ్మని నాను చమించేసేననుకోకమ్మా," అందావిడ. "మా ఆయనకి ఆవిడ మట్టేసింది. నానూ ఎయ్యాల గదా."

"ఆ తర్వాత ఎప్పుడూ తాళం వెయ్యలేదమ్మా," అన్నాను.

"తెలుసు. సోడవరం మీదుగా బస్సులో ఎల్లినప్పుడల్లా సూసీదాన్ని. తలుపు తీసే ఉండీది. ఒక్కోపాలి మూసుంటే బాగుణ్ణనిపించీది. తిట్టుకోడానికి."

కొంగుకి చెయ్యి తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వూ డాక్టరువే గదా. ఇప్పుడు మూసేస్తారేటి?"

"లేదమ్మా," అన్నాను. ఎలా తెరిచి ఉంచుతానో నాకప్పటికి తెలియదు.

"సూస్తాను," అని వెళ్ళిపోయింది.

అమ్మ అద్దె మాట మానుకుంది. తరగతులు మొదలయ్యాక సెలవు దొరికినప్పుడల్లా నేను వస్తాను. మిగతా రోజులు రిటైరైన డాక్టరుగారూ, నాతో చదువుకున్న స్నేహితురాలూ వంతులు వేసుకుంటామన్నారు. ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేను. పెద్దమ్మకే కుదరని రాజీ నాకు కుదురుతుందన్న ధీమా కూడా లేదు.

ఆ వచ్చిన సోమవారం పొద్దున్న తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. వరండాలో అప్పటికే నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. బయట రోడ్డు మీద గతుకు దగ్గర ఒక బస్సు నెమ్మదించింది. కిటికీల నిండా మొహాలు. వాటిలో ఏ మొహం ఇటు చూస్తోందో తెలియదు. నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.