నా ఎడమ చేతి మీద లేచిన దద్దుర్లు

దెయ్యం, గాలి, చేతబడి అంటూ ఎవరైనా ఆసుపత్రి మెట్లెక్కితే ముందు నవ్వేది నేనే. మార్కాపురం తాలూకాలో ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి. గ్రెయిన్ల లెక్కన మందు తూచే మనిషికి ఇట్లాంటి మాటలు చెవికెక్కుతాయా? ఆ ధీమా కాస్తా ఒక పొద్దున ఎనిమిది గంటలప్పుడు పోయింది.

అవి మద్రాసు రాజధాని రోజులు. మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. మాది పెద్దారవీడు దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. ఆ పొద్దున మా అమ్మ నా చెల్లెలు నాగమ్మను ఎద్దుల బండిలో వేసుకుని వచ్చింది. నాగమ్మ నాకంటే మూడేళ్లు చిన్నది. నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది.

డాక్టరుగారు చూసి, మూత్రం దారిలో రాయి అడ్డుపడిందన్నారు. నొప్పి తగ్గడానికి మార్ఫియా కలపమన్నారు. నల్లమందు నుంచి తీసే మందు అది. అంతకు ముందు ఎన్నిసార్లు కలిపానో నాకే గుర్తులేదు.

స్పిరిటు దీపం మీద నీళ్లు కాచి, కుడి చేత్తో పటకారు పట్టి మార్ఫియా బిళ్ల వేశాను. ఎడమ చేయి ఊరికే బల్ల మీద ఆనించి ఉంది. ఆ చేతి మీద, నేను చూస్తుండగానే, మణికట్టు నుంచి మోచేతి దాకా దద్దుర్లు లేచాయి! మందు నా ఒంటికి తగలనేలేదు. అట్లా నాకు ఎన్నడూ లేవలేదు.

అప్పుడు కాంపౌండరు అనేవాడు చేయకూడని పని చేశాను. మందు ఎక్కించిన సూది డాక్టరుగారి చేతికిచ్చి, వేయొద్దని అడ్డం నిలబడ్డాను. చేయి చూపించాను. ఆయనకు ఒళ్లు మండింది.

"నీ చెల్లెలు అక్కడ గిలగిల్లాడుతుంటే మధ్యలో నీ దురద గోల ఏమిటయ్యా?"

అయినా మనిషి పద్ధతిగలవాడు. మా అమ్మ వైపు తిరిగి, ఈమెకు ఎప్పుడైనా నల్లమందు పడక దద్దుర్లు వచ్చాయా అని అడిగారు.

"అట్లాంటిదేం లేదయ్యా. చిన్నప్పుడు మూడుసార్లు అమ్మోరు పోసింది, అంతే."

మా వైపు ఒంటి మీద ఏం లేచినా అమ్మోరు పోసిందంటారు. వేపాకు కడతారు, పసుపునీళ్లు చల్లుతారు, మందు ముట్టరు. ఆ మాట విని నేను ఊరుకున్నాను. డాక్టరుగారు ఊరుకోలేదు.

"మూడుసార్లా? ఒక్కోసారి ఎన్ని రోజులుండేది?"

"రోజులేందయ్యా! చల్లని తల్లి. మొగమంతా ఉబ్బి ఊపిరి తిరిగేది కాదు. మళ్ల తెల్లారేసరికి ఒళ్లు నున్నగా అయ్యేది."

అప్పట్లో బిడ్డకు ఏం పెట్టేదానివని ఆయన అడిగారు. పళ్లొచ్చేటప్పుడు ఒకటే ఏడుపని, ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి నాలుకకు రాసి చేనికి పోయేదాన్నని చెప్పింది. ఊళ్లో తల్లులందరూ చేసే పనే అది.

"రాసిన రోజే పోసేదా?"

"రాసినాకే పోసే..." అని మా అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

డాక్టరుగారు సూదిని పళ్లెంలో పెట్టేశారు.

మార్ఫియా తగిలితే ఎవరి చర్మమైనా కాస్త ఉబ్బుతుందని, అదొక్కటే చూసి తేల్చకూడదని ఆయన అన్నారు. బాగా పలచన చేసిన చుక్కతో ముందు తన చేతి మీద గీరుకున్నారు. తర్వాత నా కుడి చేతి మీద, ఆపైన నాగమ్మ చేతి మీద. మా ఇద్దరికీ దోమ కుట్టినంత లేచింది. నాగమ్మకు రూపాయి బిళ్లంత లేచి భుజం దాకా పాకింది.

"గొంతు బిగుసుకుంటాంది అన్నా," అంది.

వెంటనే అడ్రినలిన్ సూది వేశారు. ఆ చుక్కకే ఇంతయితే, నేను కలిపిన మందంతా ఒంట్లోకి ఎక్కి ఉంటే? ఆమె దద్దుర్లు అణిగిన ఆ కొన్ని నిమిషాల్లోనే నా ఎడమ చేతివీ అణిగాయి. డాక్టరుగారు గడియారం చూసి కాగితం మీద రాసుకున్నారు. చెల్లెలి మీద బెంగతో లేచి ఉంటాయి పొమ్మన్నారు. నేనూ సరే అనుకున్నాను. బెల్లడోనా మందుతో, వేడినీళ్ల కాపడంతో నొప్పి సర్దుకుంది. మర్నాడు రాయి పడిపోయింది. ఆసుపత్రి అని కూడా చూడకుండా గట్టిగా కేకపెట్టాను, అంత సంతోషం!

కానీ వరండాలో మా అమ్మ ఒకటే ఏడుపు. "నా చేత్తోనే రాసినా గదరా! మూడుసార్లు!"

ఆమెను ఊరడించాలని, "నాకూ రాసే ఉంటావు గదమ్మా, నేను బాగానే ఉండా గదా," అన్నాను.

మా అమ్మ కళ్లు తుడుచుకుని నన్ను వింతగా చూసింది.

"నీకేనాడూ రాయలేదురా, నువ్వు ఏడ్చే బిడ్డవు కాదు. కానీ దానికి పోసిన మూడుసార్లూ నీకూ పోసింది. నువ్వేమో కొండకాడ మీ నాయనతో మంద దగ్గర ఉంటివి. ఇంట్లో నేను దీనికి వేపాకు కడుతుంటే, ఒళ్లంతా దద్దుర్లతో ఉన్న నిన్ను భుజాన వేసుకుని మీ నాయన దిగొచ్చినాడు. మరి నీకెందుకు పోసిందిరా?"

గుమ్మంలో డాక్టరుగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ముందురోజు గడియారం చూసి రాసుకున్న కాగితం తీసి, మరోసారి చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

పని మానేదాకా వేరేవాళ్లకు మార్ఫియా కలుపుతూనే ఉన్నాను. మళ్లీ ఒక్క దద్దురు లేవలేదు. మా అమ్మ పోయేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉండింది.